ముప్పై రూపాయల పుస్తకం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 చదువు గురించి మాట్లాడేవాళ్లు 'ఇఖ్రా' అన్న మాటతో మొదలుపెట్టడం మన సభల్లో ఆనవాయితీ. ఆ మాట మీ అందరికీ తెలిసిందే కనుక మేము నేరుగా విషయానికి వస్తాం. మేము అంటే మన బెల్లంకొండలో ఆదివారం తరగతి నడిపే ముగ్గురు టీచర్లం. మైకు ఒకరి చేతిలో ఉన్నా మాట ముగ్గురిదీ.

సంఘం లెక్కల పుస్తకంలో 'పుస్తకాలు, ఇతరములు' అన్న పద్దు కింద ఒకచోట 30 రూపాయల ఖర్చు ఉంది. నాలుగు పేజీల తర్వాత అదే 30 రూపాయలు మళ్లీ జమ అయ్యాయి. లెక్కలు చూసిన ఆయన అడిగారు: ఇంటర్ పుస్తకాలకు రసీదు ఉంది, దీనికి లేదు, పైగా పోయిన డబ్బు తిరిగొచ్చింది, ఏమిటిది అని. ముప్పై రూపాయలకు ఇంత సంజాయిషీ ఎందుకని మీరు అనుకోవచ్చు. డబ్బు మీది, కాబట్టి ముప్పై అయినా చెప్పుకోవలసిందే. చెబుతుంటే అది కాస్త పెద్ద కథ అయింది.

రెండేళ్ల కిందట జూన్ నెలలో సంఘం తరఫున ఇంటర్ పిల్లలకు పాత పుస్తకాలు కొనడానికి విజయవాడ వెళ్లాం. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు మీలో చాలామందికి తెలుసు. మేము బి.ఇడి. చదివే రోజుల నుంచీ అక్కడ కొంటున్నాం. ఫిజిక్సు, బాటనీ, జువాలజీ అన్నీ బేరమాడి కట్టలు కట్టిస్తుంటే, ఆ కట్ట అడుగున బరువు సరిచూడ్డానికి పెట్టిన రాయిలాగా ఒక చిన్న పుస్తకం కనిపించింది. ఇంగ్లీషు పుస్తకం. అట్ట మూల చిరిగింది. లోపలి పేజీలో ఎవరో పిల్లవాడి పేరు రాసి, మళ్లీ పెన్నుతో కొట్టేసి ఉంది. 'ఫిఫ్త్ క్లాస్, బి సెక్షన్' అన్నది మాత్రం మిగిలింది. మధ్య పేజీల్లో ఒక చాక్లెట్ కాగితం గుర్తుగా పెట్టి ఉంది. షాపతను యాభై అన్నాడు, ముప్పైకి ఇచ్చాడు. ఇంటర్ పుస్తకాల కోసం తెచ్చిన డబ్బులోనే చిల్లర మిగిలితే అందులోంచి ఇచ్చేశాం. అక్కడ తప్పు చేశాం. ఆ సంగతి తర్వాత చెబుతాం.

పుస్తకం పేరు 'వన్ డే ఎట్ హారర్‌ల్యాండ్'. రాసినాయన ఆర్.ఎల్. స్టైన్, అమెరికా రచయిత. పిల్లలను భయపెట్టే కథలు 'గూస్‌బంప్స్' అనే పేరుతో 1992లో మొదలుపెట్టాడు. 1994లో వచ్చిన ఈ పుస్తకం ఆ వరుసలో పదహారోది. మీ పిల్లలు పట్నాల్లో చదివి ఉంటే వాళ్లకు తెలిసే ఉంటుంది. కథ ఇది. ఒక కుటుంబం కారులో జంతువుల పార్కుకని బయలుదేరి దారి తప్పుతుంది. ఇంకో పార్కు కనిపిస్తుంది. అక్కడ టికెట్టు లేదు. దిగీ దిగగానే వీళ్ల కారు పేలిపోతుంది. ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. లోపల రాక్షసుల వేషాల్లో పనివాళ్లు తిరుగుతుంటారు. జారుడుబల్లలు, అద్దాల గది, శవపేటికల్లో పడుకుని నీటి మీద సాగే సవారీ. ఎక్కడ చూసినా గిల్లడం నిషేధం అని బోర్డులు. ఎందుకు నిషేధమో మేము చెప్పం. చివర చెప్పేస్తే కొట్లాడే పిల్లలు ఇక్కడే ముందు వరుసలో ఉన్నారు.

ఈ పుస్తకం గొప్ప సాహిత్యం అని మేము అనడం లేదు. భాష తేలిక, అధ్యాయాలు పొట్టి, ప్రతి అధ్యాయం చివరా ఒక ఉలిక్కిపాటు. అంతే. కానీ బస్సులో గుంటూరు దాటేలోపు మేము ముగ్గురం వంతులేసుకుని సగం చదివేశాం. చినకాకాని దగ్గర హైవే పక్కన హాయ్‌ల్యాండ్ దాటుతుంటే ముగ్గురం ఒకేసారి కిటికీలోంచి చూశాం. యాభై దాటినవాళ్లం.

మన ఆదివారం తరగతి సంగతి తెలియని దాతల కోసం రెండు మాటలు. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలు ఇరవైమంది దాకా వస్తారు. మిరప కోతల రోజుల్లో అందులో సగం. కొందరి ఇళ్లలో ఉర్దూ, దూదేకుల ఇళ్లలో తెలుగు. బడిలో ఇప్పుడు పుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. అది మంచి ఏర్పాటే. కానీ పిల్లవాడు తెలుగు పేజీ మాత్రమే చూస్తాడు, ఇంగ్లీషు పేజీ ఎదురింటి గోడలాగా ఉంటుంది. పరీక్షకు జవాబు బట్టీ పడతాడు. ఇంగ్లీషులో ఒక వాక్యం తనంతట తాను చదివి, తర్వాత ఏమవుతుందో అని పేజీ తిప్పిన అనుభవం మా ఇరవైమందిలో ఒక్కరికీ లేదు. తెలుగులో ఉన్నది ఇద్దరికో ముగ్గురికో.

2006లో సచార్ కమిటీ ఏం చెప్పిందో మన సభల్లో చాలాసార్లు విన్నాం. దేశంలో 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం దాకా అసలు బడికి వెళ్లలేదు, లేదా మధ్యలో మానేశారు అని. మరుసటి ఏడాదే మన రాష్ట్రంలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. దానివల్ల డాక్టర్లయినవాళ్లు, ఇంజనీర్లయినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. సంతోషం. కానీ ఆ మెట్టు దాకా నడిచి రావాలంటే ముందు చదవడం రావాలి. మన స్కాలర్‌షిప్పులు ఇంటర్ నుంచి మొదలవుతాయి. మా పిల్లలు జారిపోయేది ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో. ఈ మాట పోయిన ఏడాదీ చెప్పాం. ఈసారి పుస్తకంతో చెబుతున్నాం.

మొదటి ఆదివారం ఒక అధ్యాయం పైకి చదివి, వాక్యం వాక్యం తెలుగులో చెప్పాం. పార్కు అంటే పిల్లలకు అర్థం కాలేదు. కోటప్పకొండ తిరునాళ్లలో రంకులరాట్నం చూశారు, ఉరుసులో మిఠాయి బండ్లు చూశారు. ఊరంత పార్కు, దానికి గేటు, దానికొక కథ, ఇది కొత్త. అమెరికాలో వాల్ట్ డిస్నీ 1955 జులైలో ఇలాంటిది మొదటిసారి పెద్ద ఎత్తున తెరిచాడని, మనకు దగ్గర్లో రామోజీ ఫిల్మ్ సిటీ ఉందని చెప్పాం. "దానికి టికెట్టెంత టీచర్?" అని అడిగారు. చెప్పాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు, "మరి వీళ్ల పార్కుకు టికెట్టు లేదుగా, అందుకే వెళ్లారు" అన్నాడు. టికెట్టు లేకపోవడం ఆ కథలో అనుమానించాల్సిన విషయం. మావాడికి అదే ఆ పార్కులో గొప్ప.

మూడో ఆదివారానికి తరగతిలో గిల్లుకోవడం మొదలైంది. దాన్ని ఆపడానికి మేము పడ్డ పాట్లు వేరే కథ.

ఆ మూడో ఆదివారమే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె పుస్తకం ఇంటికి ఇవ్వమని అడిగింది. మేము ఇవ్వలేదు. ఒకటే పుస్తకం, పోతే ఎలా అన్నాం. ఇక్కడ మా సంగతి కాస్త చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మేము పనిచేసిన ఒక బడిలో లైబ్రరీ బీరువా ఉండేది. దాని తాళంచెవి చాలా ఏళ్లు మా పర్సులోనే ఉంది. పుస్తకాలు పోతాయని, చింపుతారని, తనిఖీకి వస్తే లెక్క చెప్పాలని. ఆ బీరువాలోని పుస్తకాలు ఒక్కటీ పోలేదు. ఒక్కటీ నలగలేదు కూడా. పదవీ విరమణ దగ్గర పడుతుంటే ఇప్పుడు అది గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది. బి.ఇడి.లో మేము విస్తార పఠనం అని ఒక పాఠం చదివాం, పరీక్షలో పదిహేను పాయింట్లు రాశాం. పిల్లవాడు తనకిష్టమైన పుస్తకం తన వేగంతో, అర్థం కానిచోట ఆగకుండా చదువుకుపోవడం అని దాని అర్థం. దానికి ముందు పుస్తకం పిల్లవాడి చేతిలో ఉండాలి. ఆ పాయింటు ఎవరమూ రాయలేదు. నాలుగో ఆదివారం ఆ అమ్మాయికి పుస్తకం ఇచ్చేశాం.

పుస్తకం బయటికి వెళ్లగానే మాట కూడా వెళ్లింది. మన దాతల్లో ఒక పెద్దాయన, ఈ సభలోనే ఉన్నారు, ఆయన అనుమతితోనే చెబుతున్నాం, నమాజు అయ్యాక నేరుగా మా గదికి వచ్చారు. "టీచరమ్మా, దెయ్యాల కథలు చెప్పడానికా మేము డబ్బులిచ్చేది?" అన్నారు. మేము పఠనాసక్తి, పదసంపద అంటూ ఏవో చెప్పాం. ఆయన తలూపలేదు. "ఆ కథేమిటో చెప్పండి" అని కుర్చీలో కూర్చున్నారు. చెప్పాం. పార్కు, దారి తప్పడం, వేషాలు నిజమో కాదో తెలియకపోవడం, బయటపడే ఉపాయం అక్కడే ఎక్కడో దాగి ఉండటం. సగంలో ఆయన చెయ్యెత్తి, "ఇది తిలిస్మ్ కదా!" అన్నారు.

చిన్నపిల్లలకు తెలియకపోవచ్చు. దాస్తానె అమీర్ హమ్జా అని మన పెద్దలు రాత్రిళ్లు చెప్పుకునే సాహస కథ. అందులో తిలిస్మ్ అంటే మాంత్రికులు కట్టిన మాయాలోకం. చెట్టు చెట్టు కాదు, మనిషి మనిషి కాదు. లోపలికి వెళ్లినవాడికి బయటికి దారి దొరకదు, దాన్ని విడగొట్టే ఉపాయం రాసిన పలక దొరికేదాకా. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ వాళ్లు 1883 నుంచి 'తిలిస్మె హోష్‌రుబా' అని సంపుటాలకు సంపుటాలు అచ్చేశారు. ఈ పెద్దాయన వాళ్ల అబ్బా మిరప కల్లం దగ్గర కాపలా పడుకుని ఆ కథలు చెప్పేవారట. ఆ మాట చెబుతుంటే ఆయన గొంతు మారింది. మీ చేతిలోని పుస్తకం మంచిదని మాత్రం ఆయన అనలేదు. ఇంకో మాటన్నారు: "కథ మనకు తెలిసిందే. కానీ మీ పుస్తకంలో మన పిల్లల పేరు ఒక్కటైనా ఉందా?"

లేదు. దానికి మా దగ్గర జవాబు లేదు. మా చిన్నప్పుడు చందమామ ఉండేది. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి రాసిన మాయల మంత్రాల సీరియళ్లు, వాటికి చిత్రా గారి బొమ్మలు, నెలంతా ఎదురు చూసేవాళ్లం. ఇప్పుడు చందమామ రావడం లేదు. పాత సంచికలు దొరికితే పిల్లలు ఇష్టంగానే చదువుతున్నారు, మేము చూశాం. కానీ ఇవాళ్టి పిల్లలు, ఫాతిమా, సుభానీ, మస్తాన్‌వలీ లాంటి పేర్లున్న పిల్లలు కథలో ముందు నడిచే తెలుగు సాహస పుస్తకాలు మేము వెతికితే చేతికి అందినవి బహు తక్కువ. పెద్దాయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆయనే వచ్చి, సగం ఉర్దూ సగం తెలుగులో హమ్జా కథ చెప్పారు. మా స్టైన్ గారి కంటే బాగానే భయపెట్టారు.

ఆయన అడిగిన రెండో ప్రశ్న డబ్బు గురించి. "ఈ పుస్తకం ఏ పద్దులోంచి కొన్నారు?" అప్పుడు చూసుకుంటే అది జకాత్ పద్దు. ఇంటర్ పుస్తకాలు ఆ పద్దు నుంచే కొంటున్నాం, పేద విద్యార్థులకు వాళ్ల సొంతంగా ఇచ్చేస్తున్నాం కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఇది గదిలో ఉండే పుస్తకం, ఎవరిదీ కాదు. ఇమామ్ సాహెబ్‌ను అడిగాం. సూరె తౌబా అరవయ్యో ఆయత్‌లో జకాత్ చేరవలసిన ఎనిమిది వర్గాలూ చెప్పి ఉన్నాయి, మన హనఫీ పద్ధతిలో ఆ సొమ్ము అర్హుడి చేతికి సొంతంగా అందాలి, దాన్నే తమ్లీక్ అంటారు, అందరూ వాడుకునే బీరువా పుస్తకానికి అది కుదరదు, సదఖా, అతియ్యా సొమ్ముతో కొనుక్కోండి అన్నారు. మరునాడే మా జేబులోంచి 30 రూపాయలు కట్టేశాం. లెక్కల పుస్తకంలో నాలుగు పేజీల తర్వాత కనిపించే జమ అదే. రసీదు మాత్రం ఇప్పటికీ లేదు.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఫిబ్రవరి వచ్చింది, కోతలు వచ్చాయి, అమ్మాయి రావడం మానేసింది. వాళ్లమ్మ కూలికి వెళుతుంది, రెండు చేతులు తోడైతే ఇంకో సాలు కోస్తారు. ఆదివారం లేదు, సోమవారం లేదు. మేము వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాం, తాళం వేసి ఉంది. పుస్తకం పోయిందనే అనుకున్నాం. నిజం చెప్పాలంటే అమ్మాయి కూడా పోయిందనే అనుకున్నాం. ఇలా ఎంతమందిని చూశాం. తొమ్మిదికి నిశ్చితార్థం, పదికి నిఖా.

ఏప్రిల్ మొదటి ఆదివారం వచ్చింది. పుస్తకం తెచ్చింది. పేజీల అంచులు ఎర్రగా ఉన్నాయి, తెరిస్తే మాకు తుమ్ములొచ్చాయి. కల్లంలో మధ్యాహ్నం అన్నం తిన్నాక పావుగంట చదివేదట. పక్కవాళ్లు ఏముందందులో అంటే వాళ్లకు చెప్పేదట. కూలీల గుంపులో ఉన్న ఆడవాళ్లందరికీ కథ తెలిసిపోయింది. అర్థం కాని మాటలు ఒక నోటుబుక్కులో రాసి తెచ్చింది, నలభై మూడు. అందులో కొన్నింటికి ఎదురుగా తనే అర్థం ఊహించి రాసుకుంది. సగానికి పైగా సరిపోయాయి. మా ముప్పై ఏళ్లలో ఏ పిల్లా మమ్మల్ని అడక్కుండా నలభై మూడు ఇంగ్లీషు మాటలతో వచ్చి కూర్చోలేదు.

ఆ వేసవిలో పిల్లలు సొంత పార్కు వేశారు. నాలుగు చార్టులు అతికించి, బెల్లంకొండ మొత్తాన్ని పార్కు చేశారు. గేటు రైల్వే స్టేషను. కొండ మీద కోటలో రాజుల సైన్యం దాగి ఉంటుంది, 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు కన్నా ముందు ఈ కోట పట్టాడని చెప్పింది మేమే. ఇంకోచోట నీటి అడుగున కొల్లూరు గనుల సొరంగం. మన మండలంలోని ఆ కొల్లూరు పులిచింతల జలాశయంలో మునిగిన ఊళ్లలో ఒకటి. పిల్లల్లో ఇద్దరి కుటుంబాలు ముంపు ఊళ్ల నుంచి వచ్చినవే. పదిహేడో శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి వచ్చి, ఆడా మగా పిల్లా అందరూ కలిసి అరవై వేలమంది అక్కడ పనిచేస్తున్నారని రాసుకున్నాడు. కోహినూర్ అక్కడిదేనని ఎక్కువమంది చెబుతారు. వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న నీలి హోప్ వజ్రం కూడా ఆ గనిదేనని అంటారు. "పిల్లలు కూడానా టీచర్?" అని అడిగారు. వజ్రం గురించి కాదు, పనిచేసిన పిల్లల గురించి. ఆ సొరంగంలో వాళ్లు వజ్రాలు పెట్టలేదు, తట్టలు మోసే పిల్లల బొమ్మలు వేశారు.

అన్నిటికంటే భయంకరమైన సవారీ పేరు మిరపకాయల ఇల్లు. అది ఆ అమ్మాయి ఆలోచన. నాలుగు గోడలూ ఎండు మిరపకాయలు, నేల మిరపకాయలు. చుట్టూ బోర్డులు: తుమ్మరాదు. తుమ్మితే తలుపు మూసుకుంటుంది. బయటపడే ఉపాయం ఉందట, చెప్పదట. ఆ చార్టు హాలు బయట గోడకు అంటించాం, వెళ్లేటప్పుడు చూడండి. అక్షరాల తప్పులు మేము దిద్దలేదు.

మేము అడగవచ్చింది పెద్దది కాదు. అతియ్యా పద్దులో పిల్లల పుస్తకాలకని వేరుగా ఒక గడి పెట్టండి. తాళం లేని ఒక చెక్క అలమర కావాలి. కొత్త పుస్తకాలు అక్కర్లేదు, మీ ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లయ్యాక అటక మీద పడి ఉన్నవి చాలు, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఏదైనా సరే. గైడ్లు మాత్రం వద్దు. కొన్ని పోతాయి, పోయిన లెక్క కూడా వచ్చే ఏడాది ఇక్కడే చెబుతాం. పిల్లల కథలు రాయగలవాళ్లు మీలో ఉంటే పెద్దాయన ప్రశ్న ఇంకా అలాగే ఉంది, చూడండి.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఇంటర్ సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు. పోయిన వారం వాళ్లమ్మ వచ్చి సత్తెనపల్లిలో ఆడపిల్లల హాస్టలు ఎలా ఉంటుందని అడిగి వెళ్లింది. సంబంధం ఒకటి వచ్చిందని కూడా చెప్పింది. రెండూ ఒకే గుక్కలో చెప్పింది. మేము మళ్లీ వెళతాం, సంఘం పెద్దల్లో ఎవరైనా మాతో వస్తే మాట బరువుగా ఉంటుంది.

పుస్తకం ప్రస్తుతం ఏడో తరగతి అబ్బాయి ఇంట్లో ఉంది. ఇవ్వవలసిన రోజు దాటి తొమ్మిది రోజులైంది. వాళ్ల నానీకి చివరి రెండు అధ్యాయాలు ఇంకా చదివి వినిపించలేదట.